బ్యాటు కిందికా, పైకా

2008 ఫిబ్రవరిలో నన్ను మోకాళ్ళ నుంచి బేస్‌బాల్‌కి మార్చారు. అంతవరకు జార్జియా రాష్ట్రంలో, అల్ఫారెట్టా దగ్గరున్న ఒక మోషన్ లేబొరేటరీలో నా పని మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు ఎలా నడుస్తున్నారో కొలవడం. నా హోదా సీనియర్ ఎనలిస్టు. అంటే కింద ఇద్దరు టెక్నీషియన్లు, పైన ఒక డైరెక్టరు, మధ్యలో రిపోర్టు రాసే చెయ్యి నాది. డైరెక్టరు పేరు లారీ. ఒక సోమవారం పొద్దున ఆయన నా గదికి వచ్చి, ఊళ్ళోని ఒక బేస్‌బాల్ అకాడమీ తన కోచ్‌లు నేర్పే రెండు స్వింగ్ పద్ధతుల్లో, అంటే బ్యాటు ఊపే పద్ధతుల్లో, ఏది మెరుగో తేల్చమని అడిగిందనీ, ఆ పని నాకు అప్పగిస్తున్నాననీ చెప్పాడు.

నాకు బేస్‌బాల్ తెలియదన్నాను. అందుకే నీకిస్తున్నాను, లాబ్‌లో మిగతా అందరికీ ముందే అభిప్రాయాలున్నాయి అన్నాడు.

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మనుషుల కీళ్ళను యంత్రాల కీళ్ళలా లెక్కగట్టే ఉద్యోగంలో స్థిరపడినదాన్ని. ఆటలంటే నాకు తెలిసింది ఇంట్లో మా ఆయన డిష్ పెట్టించుకుని చూసే క్రికెట్టు, దాని మధ్యలో వచ్చే టీ బ్రేకు. బేస్‌బాల్‌ని ఎప్పుడైనా టీవీలో చూస్తే, చాలామంది చాలాసేపు నిలబడి ఏదో నములుతున్నట్టు కనిపించేది. పని మొదలుపెట్టాక తెలిసింది, నా అంచనా పెద్ద తప్పేం కాదని.

మా లాబ్ గురించి ఒక మాట చెప్పాలి. పెద్ద హాలు, చుట్టూ గోడల మీద ప్రత్యేకమైన కెమెరాలు. కొలవాల్సిన మనిషికి నల్లటి బిగుతు బట్టలు తొడిగి, కీళ్ళ దగ్గర మెరిసే చిన్న గోళీలు అతికిస్తాం. వీటిని మార్కర్లంటారు. కెమెరాలు మనిషిని చూడవు, మార్కర్లనే చూస్తాయి. కంప్యూటరు ఆ చుక్కల్ని కలిపి తెర మీద పుల్లల బొమ్మ గీస్తుంది. నేలలో ఫోర్స్ ప్లేట్లనే పలకలు ఉంటాయి, ఏ పాదం మీద ఎంత బరువు పడుతోందో అవి చెబుతాయి. నా ఉద్యోగంలో నాకు నచ్చిన సంగతి ఇదే. ఎంతటి గొప్పవాడైనా మా తెర మీదికి వచ్చేసరికి నాలుగు అగ్గిపుల్లలే.

అకాడమీ ఒకప్పటి తివాచీల గోడౌను. లోపల వలలతో కట్టిన పొడవాటి గదులు, వాటిని కేజ్‌లంటారు. ఒక్కో కేజ్‌లో ఒక పిల్లవాడు, బంతులు విసిరే ఒక యంత్రం, వల బయట సలహాలిచ్చే ఒక తండ్రి. యజమానురాలు డెబ్రా. అంతకుముందు పళ్ళ డాక్టరు ఆఫీసు నడిపిన మనిషి. బేస్‌బాల్ ఆవిడ పిచ్చి కాదు, మాజీ భర్త పిచ్చి. విడాకుల్లో ఆయనకు పడవ వెళ్ళింది, ఈవిడకు అకాడమీ మిగిలింది. ఈ సంగతి మొదటి మీటింగ్‌లోనే చెప్పి, పడవ అడగాల్సింది అని కూడా అంది.

ఆవిడ సమస్య ఇది. అకాడమీలో కొట్టడం నేర్పే కోచ్‌లు ఇద్దరు. పిల్లలు మంగళవారం ఒకరి దగ్గరికి, గురువారం మరొకరి దగ్గరికి వెళ్తారు. ఇద్దరూ పూర్తిగా వ్యతిరేకమైన మాటలు చెబుతారు. తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తున్నారు, కొందరు మానేస్తున్నారు. వేసవి సీజను మొదలయ్యేలోగా ఒక పద్ధతి ఉంచి, ఆ పద్ధతి నేర్పే మనిషిని ఉంచి, రెండోవాడిని పంపించేయాలని ఆవిడ నిర్ణయం. ఎవరిని పంపాలో మేం చెప్పాలి. మా కాంట్రాక్టులో ఆ మాట అలా లేదు. 'పద్ధతి ఏ, పద్ధతి బి తులనాత్మక పరిశీలన' అని ఉంది.

పద్ధతి ఏ పేరు రస్సెల్. వయసు అరవై దాటింది. నోట్లో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు, చేతిలో వాటి పొట్టు ఉమ్మే కాగితం కప్పు. బరువు ముందు పాదం మీదికి వేసి, చేతుల్ని నేరుగా బంతి మీదికి, పైనుంచి కిందికి తీసుకురావాలన్నది ఆయన సిద్ధాంతం. దీన్ని లీనియర్ పద్ధతి అంటారు. పద్ధతి బి పేరు కైల్. ముప్పై కూడా నిండలేదు. లాప్‌టాప్‌లో పెద్ద ఆటగాళ్ళ వీడియోలు, వాటి మీద తను గీసిన పసుపు గీతలు. బరువు వెనకే ఉంచి, నడుమును బొంగరంలా తిప్పాలి, బ్యాటు కిందినుంచి పైకి లేవాలి అంటాడు. ఇది రొటేషనల్ పద్ధతి. శైవులూ వైష్ణవులూ ఒకే గోడౌనులో దుకాణాలు పెట్టుకున్నట్టు ఉండేది. రస్సెల్ నాతో విడిగా చెప్పాడు, కైల్ మాట విన్న పిల్లలు కొట్టిన బంతులు కాకులకు తగులుతాయని. కైల్ కూడా విడిగానే చెప్పాడు, రస్సెల్ పిల్లలు వానపాముల్ని చంపుతున్నారని.

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఏదైనా చెప్పుకోవాలంటే పిల్లల చేత చెప్పించుకుంటారు.

మార్చిలో పిల్లల్ని లాబ్‌కి పిలిచాం. తల్లిదండ్రులు సంతకాలు పెట్టిన అంగీకార పత్రాలు తెచ్చారు. పన్నెండేళ్ళ లోపు వాళ్ళే అందరూ. అక్కడే మేఘన పరిచయమైంది. పదకొండేళ్ళు. లీగ్‌లో మగపిల్లల మధ్య ఆడే ఒకే ఒక్క ఆడపిల్ల. అమ్మాయిలకు సాఫ్ట్‌బాల్ ఉంది కదా అని నేనడిగితే, మొహం చిట్లించి, "ఆ బాల్ కోకోనట్‌లా ఉంటుంది ఆంటీ," అంది. ఇక చర్చ లేదు.

తండ్రి శ్రీనివాస్ది వరంగల్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాలేజీ క్రికెట్ టీమ్‌లో ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌నని మొదటి ఐదు నిమిషాల్లోనే నాకు తెలియజేశాడు. లాబ్‌లో ఇంకో తెలుగు మనిషి కనిపించేసరికి ప్రాణం లేచి వచ్చినట్టుంది, మేడమ్ అని మొదలుపెట్టి పత్రం మీద సంతకం చేసేలోపే అక్కా అనేశాడు.

"ఏం జెప్పాలె అక్కా. ప్రాక్టీసుల మంచిగనే కొడ్తుండె. ఇప్పుడు మ్యాచ్‌ల బొమ్మ లెక్క నిలబడ్తది. బాల్స్ పోతుంటె చూస్తది. అవుటై వస్తది. గా రస్సెల్ ఒకటి చెప్తడు, గీ కైల్ ఇంకోటి చెప్తడు. ఇగ లాభం లేదని నేనే మెల్లగ స్ట్రెయిట్ బ్యాట్ నేర్పిస్తున్న."

"మీరు కూడానా?" అన్నాను.

"మరి ఎవలో ఒకలు సక్కగ చెప్పాలె గద!"

బేస్‌బాల్‌లో బంతి సరైన చోటి నుంచి పోతున్నప్పుడు బ్యాటు ఊపకపోతే, ఊపి తప్పినట్టే లెక్క. మూడుసార్లు అలా జరిగితే అవుట్. మేఘన నెల పైగా ఒక్క మ్యాచ్‌లోనూ బ్యాటు ఊపలేదు. టీమ్‌లో పిల్లలు ఆమెకు 'స్టాచ్యూ' అని పేరు పెట్టారు. ఆ సీజనంతా ఇలాగే ఉంటే, పెద్దపిల్లలు ఆడే పై డివిజనుకు తీసుకోరు. అక్కడితో ఆమె బేస్‌బాల్ అయిపోయినట్టే. సాఫ్ట్‌బాల్‌కి, అంటే కొబ్బరికాయకి, వెళ్ళాల్సిందే.

మార్కర్లు అతికిస్తూ మామూలుగా అడిగాను, ఏమవుతుంది అక్కడ నిలబడినప్పుడు అని. సిగ్గుపడకుండా చెప్పింది.

"నాకు స్వింగ్ తెలుసు ఆంటీ. కానీ బాల్ వస్తుంటే కోచ్ రస్సెల్ 'డౌన్' అంటాడు, కోచ్ కైల్ 'హిప్స్' అంటాడు, డాడీ 'ఎల్బో' అంటాడు. రియల్‌గా కాదు, నా హెడ్‌లో. వాళ్ళు ఫినిష్ చేసేలోపు బాల్ వెళ్ళిపోతుంది."

ఎందరో పెద్దవాళ్ళ నొప్పుల వర్ణనలు రాసుకున్నాను నా ఉద్యోగంలో. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

మొదటి వారం కొలతలు ఎందుకూ పనికిరాలేదు. రస్సెల్ దగ్గర ఎక్కువ నేర్చుకున్న పిల్లల్ని ఒక జట్టుగా, కైల్ పిల్లల్ని ఇంకో జట్టుగా పెట్టి చూస్తే, రెండు జట్ల పుల్లల బొమ్మలకూ తేడా కనిపించలేదు. తేడాలన్నీ పిల్లవాడికీ పిల్లవాడికీ మధ్యే. కొందరు తమ కోచ్ మాటను పట్టించుకోనే లేదు, వాళ్ళు హాయిగా కొట్టారు. కొందరు అక్షరం పొల్లుపోకుండా పాటించారు. వాళ్ళను చూస్తే జాలేసింది. ఒకడు కట్టెలు కొట్టినట్టు బ్యాటును నేలకు దించాడు. ఇంకొకడు నడుము తిప్పమంటే నడుముతోపాటు భుజాలు, తల, కళ్ళు అన్నీ తిప్పేసి, బంతి వచ్చే సమయానికి గోడ వైపు చూస్తున్నాడు.

లారీ ఆ అంకెలు చూసి, ఏయో బియో చెప్పాలి కదా అన్నాడు. ఇంకా పిల్లలు మిగిలారన్నాను. మిగిలినవాళ్ళలో మేఘన ఒకతి.

అసలు కొలతకు ముందు ఒక తంతు ఉంటుంది. మొదట మనిషి చేతులు చాపి కదలకుండా నిలబడాలి. తర్వాత ఒళ్ళు వదులుగా, అన్ని కీళ్ళూ కదిలేలా ఇష్టమొచ్చినట్టు కదలాలి. ఏ గోళీ ఏ కీలుదో కంప్యూటరుకు పరిచయం చేయడానికే ఇది. ఈ రెండో భాగం రిపోర్టులోకి రాదు. ఆ సంగతే మేఘనతో చెప్పాను. ఇది లెక్కలోకి రాదు, ఎవరూ చూడరు, ఎంత చెత్తగా కావాలంటే అంత చెత్తగా ఊపు, చెత్తగా ఉంటేనే కంప్యూటరుకు మంచిది అన్నాను.

"రియల్లీ చెత్తగా?"

"నీకు చేతనైనంత."

ఒకటి రెండుసార్లు పిచ్చిపిచ్చిగా గెంతింది, బ్యాటును తల చుట్టూ తిప్పింది. అద్దం అవతల పరిశీలన గదిలో కోచ్‌లిద్దరూ, చెరో మూల కుర్చీలో, తలలు పట్టుకున్నారు. హాలు మధ్యలో బ్యాటింగ్ టీ ఉంది. టీ అంటే నడుం ఎత్తు రబ్బరు గొట్టం, దాని మీద బంతి పెడతారు. ఎత్తు సరిచూడటానికి టెక్నీషియన్ బంతి పెట్టి ఉంచాడు. కొట్టే వంతు ఇంకా రాలేదు కాబట్టి ఎదురుగా వల లాగలేదు. మేఘన ఊగుతూ ఊగుతూ బంతి దగ్గరికి వచ్చింది. ముఖంలో నవ్వు. ఒక్క దెబ్బ.

అలాంటి చప్పుడు నేను అదివరకు వినలేదు. దాని వెంటనే ఇంకో చప్పుడు వినిపించింది. అది బాగా తెలిసిన చప్పుడే. ఎదురుగోడ మీద కెమెరా పగిలింది.

పిల్ల ముఖం తెల్లబోయింది. "ఐ యామ్ సో సారీ ఆంటీ!" అంటూ బ్యాటు కింద పెట్టేసింది. కంగారేం లేదు, చెత్తగా కొట్టమన్నది నేనే కదా అన్నాను. శ్రీనివాస్ అప్పటికే తలుపు తోసుకుని లోపలికి వచ్చి, "నేను చెప్తూనే ఉన్న అక్కా, ఎల్బో!" అన్నాడు. ఆయన్ని కాఫీ తెచ్చుకోమని పంపించాను.

భోజనాల వేళదాకా కొత్త కెమెరా బిగించి, మళ్ళీ అన్నిటినీ సరిచూడడంతోనే గడిచింది. కానీ మిగతా కెమెరాలు ఆ దెబ్బను పట్టేశాయి. అలవాటు కొద్దీ దాన్ని తెర మీద వేశాను. కోచ్‌లిద్దరూ పరిశీలన గదిలోంచి వచ్చి నా వెనక నిలబడ్డారు. ఆ వారంలో వచ్చిన స్వింగుల్లో అంత బాగున్నది మరొకటి లేదు. అది నాక్కూడా తెలుస్తోంది, నేను బేస్‌బాల్ తెలియనిదాన్నైనా. ముందు పాదం పడటం, నడుం తిరగడం, భుజాలు, చేతులు, చివరికి బ్యాటు, ఒకదాని తర్వాత ఒకటి, నీళ్ళు పారినట్టు.

"చూశారా? కిందికి!" అన్నాడు రస్సెల్, కప్పుతో తెర వైపు చూపిస్తూ.

"తిరగడం చూడండి! నడుం చూడండి!" అన్నాడు కైల్, అదే క్షణంలో.

అప్పుడు, గడిచిన ఏడాదిలో మొదటిసారి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత జరిగిన సంభాషణ రాయదగ్గది కాదు. ఆ పిల్ల స్వింగు తనదంటే తనదని, ఏడుపు వచ్చేంత కోపంతో ఇద్దరు పెద్దమనుషులు నా లాబ్‌లో అరుచుకున్నారు. ఒక్క బొమ్మను చూసి ఇద్దరూ తామే గెలిచామనుకుంటే, తేడా బొమ్మలో లేదు, చూసేవాళ్ళలో ఉంది. నాకు అప్పుడే తట్టింది, మేం ఇంతవరకూ కొలవాల్సినవాళ్ళను కొలవలేదని.

"మీరిద్దరూ వెళ్ళి బట్టలు మార్చుకోండి," అన్నాను.

కోచ్‌లను కొలవడం మా ప్రణాళికలో లేదు. ప్రణాళికలో లేని పనికి డైరెక్టరు అనుమతి కావాలి. లారీ గది ఖాళీగా ఉంది, భోజనానికి వెళ్ళాడు. సీనియర్ ఎనలిస్టుకు 'పరికరాల పరీక్ష' చేసే అధికారం ఉంది. కొత్త కెమెరా ఉంది, పరీక్షించాలి. అలా నడిపించాను.

రస్సెల్ మా నల్ల బట్టల్లోకి దూరడం కొంతసేపు పట్టింది. పొట్ట దగ్గర మార్కరు అతికిస్తే అది ఊపిరి పీల్చినప్పుడల్లా ముందుకొచ్చి రెండో కీలులా కనిపించేది. టోపీ తీయనన్నాడు. సరేనని టోపీ మీదే అతికించాం. కైల్ అరగంట ఒళ్ళు సాగదీసుకున్నాడు. మొదట ఇద్దర్నీ, పిల్లలకు చూపించినట్టే మెల్లగా చేసి చూపమన్నాను. రస్సెల్ బ్యాటు గొడ్డలిలా దిగింది. కైల్ బొంగరంలా తిరిగాడు. ఇద్దరూ తమ సిద్ధాంతానికి నూటికి నూరుపాళ్ళు కట్టుబడ్డారు. తర్వాత వల లాగి, యంత్రంతో బంతులు వేయించి, కొట్టమన్నాను. నిజంగా కొట్టమన్నాను.

కొట్టాక ఇద్దరి బొమ్మలనూ ఒకే తెర మీద, ఎత్తులు సరిచేసి, ఒకదానిమీద ఒకటి వేశాను. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నడిపించి చూపించాను. బరువు ముందు పాదం మీదికి వెళ్ళింది, రస్సెల్ చెప్పినట్టు. ఆ పాదం బిగుసుకోగానే నడుం తిరిగింది, కైల్ చెప్పినట్టు. బ్యాటు మొదట కిందికి దిగింది, తర్వాత పైకి లేచింది. ఎరుపూ అంతే, నీలమూ అంతే. ఒకే కదలికలో మొదటి సగాన్ని ఒకాయన పట్టుకున్నాడు, రెండో సగాన్ని ఇంకొకాయన పట్టుకున్నాడు. చేసేటప్పుడు మాత్రం ఇద్దరూ మొత్తం చేస్తున్నారు.

మళ్ళీ రెండుసార్లు వేయించుకుని చూశారు. చివరికి రస్సెల్ అడిగాడు.

"ఇందులో నేనెవర్ని?"

ఫైలు పేరు చూస్తే తప్ప నాకూ తెలియలేదు.

కైల్ లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, తన స్వింగు ఆ రోజు సరిగ్గా లేదని చెప్పి వెళ్ళిపోయాడు. రస్సెల్ ఉండిపోయాడు. బట్టలు మార్చుకుని, పార్కింగ్‌లో నా కారు దగ్గర నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు కిందికి కొట్టమని చెబుతున్నానన్నాడు. వాళ్ళలో కొందరు కాలేజీల్లో ఆడారట. ఇప్పుడు నేను తీసిన బొమ్మ నిజమైతే ఆ పిల్లలందరికీ తను చెప్పింది తప్పా అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు నోట్లో గింజలు లేవు.

"మీరు చెప్పింది మీరూ చేయలేదు, వాళ్ళూ చేయలేదు. అందుకే బాగా ఆడి ఉంటారు," అన్నాను.

ఆయన జేబులోంచి గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు. తర్వాత నవ్వాడు. అకాడమీలో తన అలమారా అప్పటికే ఖాళీ చేయడం మొదలుపెట్టానని, యంత్రాలతో పెట్టుకుంటే ముసలివాడే ఓడిపోతాడని అనుకున్నానని చెప్పాడు.

మర్నాడు లారీకి సంగతంతా చెప్పాను. భోజనం నుంచి రావడం ఆలస్యమైనందుకు ఆయన బాధపడ్డాడు. క్లయింటు కాఫీయా టీయా అని అడిగితే నువ్వు మంచినీళ్ళు తెచ్చిస్తున్నావన్నాడు. రెండు కప్పుల్లోనూ ఉన్నవి నీళ్ళే అని కొలిచాక తెలిసిందన్నాను. ఆయనకు కోపం వచ్చింది గానీ, అంకెలతో వాదించే మనిషి కాదు. ఇంకో వారం ఇచ్చాడు. ఒక షరతు పెట్టాడు: డెబ్రాకి చెప్పేటప్పుడు తను పక్కన కూర్చుంటాడు, కానీ నోరు విప్పడు.

ఆ వారం మేం స్వింగుల్ని కొలవడం మాని మాటల్ని కొలిచాం. పద్ధతి సులభం. పిల్లలు ఒక్కొక్కరే ముందు తమ ఇష్టం వచ్చినట్టు కొడతారు. తర్వాత ఒకే ఒక్క వాక్యం చెబుతాం. మళ్ళీ కొడతారు. ఏం మారిందో చూస్తాం. 'బంతి పైభాగాన్ని కొట్టు' అన్న రస్సెల్ వాక్యం, వెనక భుజం జారవిడిచే పిల్లల్ని వెంటనే బాగుచేసింది. వాళ్ళ బ్యాటు కిందికేమీ పోలేదు, ఉండాల్సిన చోటికి వచ్చింది. అదే వాక్యం ఇప్పటికే పైనుంచి నరికే పిల్లలకు చెబితే పూర్తిగా చెడగొట్టింది. కైల్ వాక్యమూ అంతే, కొందరికి పనిచేసింది, కొందరిని బొంగరాలు చేసింది. రెండు వాక్యాలూ కలిపి చెబితే మాత్రం దాదాపు అందరూ చెడ్డారు. శ్రీనివాస్ తన ఎల్బో వాక్యాన్ని కూడా పరీక్షించమని కోరాడు. పరీక్షించాం. దాని ఫలితం రిపోర్టులో పెట్టలేదు, ఆయన మీద గౌరవం కొద్దీ.

డెబ్రా ఆఫీసులో మీటింగు. కోచ్‌లిద్దరూ ఉన్నారు. లారీ మాట నిలబెట్టుకున్నాడు, అయితే చాలాసార్లు దగ్గాడు. నేను ఎరుపు బొమ్మా నీలం బొమ్మా చూపించాను. వాక్యాల ఫలితాలు చూపించాను. పద్ధతి ఏ, పద్ధతి బి అనేవి రెండు లేవనీ, ఒకే స్వింగుకు రెండు వివరణలున్నాయనీ చెప్పాను.

డెబ్రా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఏడాదిగా వీళ్ళిద్దరూ కొట్టుకుంటున్నది దేనికి?"

ఆవిడ ఇద్దరి వైపూ చూసింది. "పడవ అడగాల్సింది," అంది మళ్ళీ.

ఆవిడ నిర్ణయం మా రిపోర్టు కంటే చురుగ్గా ఉంది. ఇద్దర్నీ ఉంచింది. ఒక సీజనంతా పిల్లల్లో ఒక్కొక్కరికి ఒకే కోచ్. ఆ కోచ్ కూడా ఒక రోజుకు ఒకే మాట చెప్పాలి. పిల్లల్లో ఎవరికి ఎవరి మాట సరిపోతుందో మొదటి వారంలో ఇద్దరూ కలిసి కూర్చుని తేల్చుకోవాలి, నేరుగా మాట్లాడుకుని, పిల్లల చేత కబుర్లు పంపకుండా. తండ్రులు వల నుంచి దూరంగా, పార్కింగ్ వైపు బెంచీల మీద కూర్చోవాలి. కైల్ ఒప్పుకోలేక రెండు రోజులు రాలేదు, మూడో రోజు వచ్చాడు. రస్సెల్ తన వస్తువులు మళ్ళీ అలమారాలో సర్దుకున్నాడు.

మేఘనకు ఎవరి మాటా వద్దని తేల్చారు. నెలరోజులు ఆమెతో కొట్టడం గురించి ఎవరూ మాట్లాడకూడదు. శ్రీనివాస్‌కి ఇది అందరికంటే కష్టమైంది. అల్ఫారెట్టాలో ఒక స్నేహితుల ఇంట్లో కలిసినప్పుడు, నోరు కుట్టేసుకున్నట్టుంది అక్కా, బిడ్డ ముంగట అన్నం కూడ జాగ్రత్తగ తింటున్న అన్నాడు.

ఏప్రిల్ చివర్లో ఒక శనివారం సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం దాగడం లేదు.

"అక్కా, అవుటైంది!"

"అయ్యో," అన్నాను.

"లేదు లేదు. మూడుసార్లు ఊపింది అక్కా! మూడుసార్లు! ఒక్కటి తగల్లె. అయినా నవ్వుకుంట వచ్చింది." కాస్త ఆగి, "నేను ఏమనలే," అన్నాడు, దాన్ని కూడా మార్కుల్లో వేయమన్నట్టు.

తర్వాత వారాల్లో తగలడం మొదలైంది. పై డివిజనుకు తీసుకున్నారు. రెండేళ్ళు ఆడి, మానేసి, స్కూలు బ్యాండ్‌లో ట్రంపెట్ పట్టుకుంది. ఊపిరి ఎలా తీసుకోవాలో తండ్రి చెబుతుంటాడని విన్నాను.

ఇక మా రిపోర్టు. ఆ వేసవిలోనే రస్సెల్ ఊరంతా చెప్పాడట, లాబ్‌లో ఒకావిడ యంత్రాలతో కొలిచి తన పద్ధతే సరైనదని రుజువు చేసిందని. మరుసటి ఏడాది కైల్ సొంత అకాడమీ పెట్టుకున్నాడు. ఆయన కరపత్రం ఒకటి నా చేతికొచ్చింది. దాని మీద మా ఎరుపు బొమ్మ ఉంది, చుట్టూ పసుపు గీతలు, కింద శాస్త్రీయంగా నిరూపితం అన్న అక్షరాలు. నేను ఫైలు తీసి చూశాను. ఎరుపు రస్సెల్ది. కైల్‌కి చెప్పలేదు.

2014లో ఉద్యోగం నుంచి తప్పుకునేదాకా ఇలాంటి పోలికల పనులు ఇంకొన్ని వచ్చాయి. గోల్ఫ్, ఈత, ఒకసారి మంచం మీది నుంచి రోగిని లేపే నర్సుల పద్ధతులు. ఆ మార్చి నెల నాకు నేర్పింది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. చేతులతో పని బాగా చేసేవాళ్ళు తాము ఏం చేస్తున్నారో చెప్పేది చాలావరకు తప్పు, వాళ్ళు అబద్ధాలాడుతున్నారని కాదు, లోపల అనిపించేదీ బయట జరిగేదీ వేరు కాబట్టి. నేర్పేవాడి మాటను అది నిజమా అని కొలవకూడదు, విన్నవాడి ఒళ్ళు ఏం చేసిందని కొలవాలి. అప్పటినుంచి ఏ రెండు పద్ధతులు పోల్చమన్నా, నేర్చుకునేవాళ్ళను పిలిచే ముందు నేర్పేవాళ్ళకు మార్కర్లు అతికించాను. సగంమంది ఒప్పుకోలేదు. వాళ్ళ పనులు తీసుకోలేదు.